రెండు గట్ల మొగ

మబ్బు పట్టకముందే సొరచేపలు ఆరాలని లక్ష్మణమ్మ తెల్లవారుతూనే పనిలో కూర్చుంది. వేట నిషేధం ముగిశాక పడవలు తెచ్చిన మొదటి పాలసొరలు అవి. ఒక్కోదాన్ని పీట మీద పెట్టి, కత్తిని తోక నుంచి తల దాకా ఒకే ఈడ్పులో నడిపి, రెండుగా విప్పి, లోపల రాళ్ళుప్పు రుద్దుతోంది. ఉప్పు అరచేత్తో రుద్దాలి. వేళ్ళతో రుద్దితే మాంసం చిట్లుతుంది. ఈ మాట కూతురికి చాలాసార్లు చెప్పింది. అనితకు ఓపిక ఉండేది కాదు.

ఈ సొరలు అమ్మకానికి కాదు. బాలింతకు పాలు పడాలంటే ఎండిన పాలసొర ఉండాలి. అనితకు నెలలు నిండుతున్నాయి.

అనిత ఉన్నది ఏటి అవతలి గట్టున, బడపేటలో. అది ఒడిశా. ఇవతలి మొగపాలెం ఆంధ్రా. మధ్యలో ఏరు సముద్రంలో కలిసే మొగ. లక్ష్మణమ్మ లేచి నిలబడితే కూతురి అత్తవారింటి పసుపు గోడ కనబడుతుంది. దడి మీద ఆరేసిన చీర కూడా కనబడుతుంది. అది ఎవరి చీరో మాత్రం తెలియదు.

ఇసక మొదలయ్యే చోట స్కూటీ ఆపి అనూరాధ నడుచుకుంటూ వచ్చింది. అరసవల్లి అమ్మాయి. ఊరి సచివాలయంలో మత్స్య సహాయకురాలు.

"పెద్దమ్మా, గంగరాజుగారు ఉన్నారా?"

"వల కాడున్నాడు. ఏటి కావాల?"

"రేపు దిబ్బ మీద మీటింగు. మన ఆఫీసరుగారు వస్తారు, అటు ఒడిశా నుంచి వాళ్ళ మేడంగారు వస్తారు. రెండు ప్రభుత్వాలూ ఒప్పుకున్నాయి పెద్దమ్మా. ఇకమీదట చేపలు గుడ్లు పెట్టే రోజుల్లో రెండు గట్ల మీదా ఒకేసారి వేట ఆపాలి, ఒకేసారి మొదలుపెట్టాలి. కాపలా కూడా రెండూళ్ళవాళ్ళూ కలిసే. పెద్దలిద్దరూ సంతకం పెడితే చాలు."

లక్ష్మణమ్మ చేతులు ఆగాయి. "ఒకేసారా? పోయినేడు మనం వలలు మడతెట్టీసినాక ఆళ్ళు ఏరంతా ఊడ్సుకుపోనారు కదా."

"వాళ్ళ ప్రభుత్వం వాళ్ళకిచ్చిన తేదీ వేరు. మన తేదీ వేరు. అందులో వాళ్ళ తప్పేం లేదు."

"మనోళ్ళెల్లి ఆళ్ళ వల కోసీడం తప్పు కాదేటి?"

ఆ వల కోసిన రోజునుంచే రెండూళ్ళకూ రాకపోకలు లేవు. అటు మనిషి ఇటు రాకూడదు, ఇటు మనిషి అటు పోకూడదు. అది ఊరి కట్టు.

"అయితే రేపు సంతకాలయిపోతే ఎల్లొచ్చా అమ్మా?"

"కాగితంలో చేపల సంగతే ఉంది పెద్దమ్మా. మీ ఊరి కట్టు ప్రభుత్వానికి తెలీదు."

"ఆళ్ళకేటి తెలస్తాది. ఆ కట్టు ఎట్టినోడు నా ఇంట్లోనే తొంగుంతాడు" అంది లక్ష్మణమ్మ. అనూరాధ నవ్వు ఆపుకోలేక తల తిప్పుకుంది.

పొద్దెక్కాక చోడి అంబలి చెంబులో పోసుకుని గంగరాజు దగ్గరికి వెళ్ళింది. ఊరి పెద్ద అతను. వలల పాకలో నీడ ఉండగా దాన్ని వదిలి, ఎండలో, అవతలి గట్టుకు ఎదురుగా కూర్చుని వల బాగుచేస్తున్నాడు. కొన్ని నెలలుగా అదే చోటు. అడిగితే అక్కడ వెలుతురు బాగుంటుందంటాడు.

"మావా, రేపు ఆ సంతకంతో పాటు కట్టు కూడా తీసీ."

"మనం వేట ఆపినాది ఆళ్ళు లెక్కసెయ్యనేదని ఒప్పుకుంతే తీస్తాను."

"పిల్లకి తొలి కానుపు. అత్తోరింట్లో కంతాదా? ఊరేటనుకుంతాది?"

గంగరాజు సూదిలో దారం ఎక్కించాడు. "కొండబాబు పెళ్ళాం సూరమ్మ, ఆ గట్టుకి తమ్ముడి పెళ్ళికి ఎల్తానంతే నానేటి సెప్పినాను? ఎల్లొద్దన్నాను. ఏడ్సుకుంతా ఇంటికెలిపోనాది. ఇప్పుడు నా పిల్ల అనీసరికి కట్టు తీసీమంతావా?"

చెంబు పక్కన పెట్టి చూస్తూ నిలబడింది. అతను బాగుచేసిన వల కన్నునే మళ్ళీ బాగుచేసి, ముడి పడ్డాక గుర్తొచ్చి విప్పాడు.

"అంబలి తాగు. ఈగలు ముసురుతన్నాయి" అని వెనక్కి వచ్చేసింది.

మర్నాడు మొగ మధ్యనున్న ఇసక దిబ్బ మీద షామియానా వేశారు. ఇటునుంచి పడవలో మొగపాలెం మగవాళ్ళు, అటునుంచి బడపేట మగవాళ్ళు వచ్చి ఎదురెదురుగా కూర్చున్నారు. ఆడవాళ్ళను ఎవరూ పిలవలేదు. వాళ్ళు తమ తమ గట్ల మీదే నిలబడ్డారు. నీరు పాటు మీద ఉంది, సముద్రంలోకి వెనక్కి తీస్తోంది. మాటలు గాలికి తెరలు తెరలుగా వినబడుతున్నాయి.

ఆఫీసర్లిద్దరూ తమ మ్యాపులు విప్పి పక్కపక్కన పరిచి, ఎగిరిపోకుండా టిఫిను డబ్బా పెట్టారు. రెండింటిలోనూ మొగ ఉంది గాని ఒకేచోట లేదు. మన ఆఫీసరు తన మ్యాపువైపు, ఏటివైపు మార్చి మార్చి చూశాడు.

"బావూ, మొగ మీ కాయితం సదవనేదు. తుపానుకి ఇటు జరిగిపోనాది" అన్నాడు కొండబాబు. రెండూళ్ళవాళ్ళూ నవ్వారు. కలిసి నవ్వినందుకు సిగ్గుపడ్డట్టు వెంటనే ఆపేశారు.

ఒడిశా మేడం ఒడియాలో మాట్లాడింది. ఆమె మాటను తెలుగులో చెప్పాలని అనూరాధ లేచేసరికే అందరూ తలలు ఊపుతున్నారు. ఇక్కడ ఎవరికీ అది రాని భాష కాదు. తేదీల దగ్గర తగువు రాలేదు. వల కన్ను ఎంత ఉండాలన్న దగ్గరా రాలేదు. అంతా అయిపోయిందనుకుని మన ఆఫీసరు కలం తీసి గంగరాజు వైపు జాపాడు.

అప్పుడు బడపేట పెద్ద లేచాడు. చినబాబు. అనితకు మావ, ఆమె భర్త వెంకీకి తండ్రి. గంగరాజుకు వియ్యంకుడు.

"సంతకం ఎడతాం. ముందు మా వల కోసినోలు తప్పయిందని సెప్పాల."

"మేం కడుపు మాడ్సుకుని ఆపిన ఏరుని ఊడ్సుకెల్లినోలు ముందు సెప్పాల" అన్నాడు గంగరాజు.

"మాకు తేదీ ఇచ్చినాది సర్కారు."

"మాకూ సర్కారే ఇచ్చినాది."

ఆఫీసర్లిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "అందుకే కదయ్యా ఇప్పుడు ఒకే తేదీ" అంటూ ఏదో చెప్పబోయాడు మన ఆఫీసరు. ఎవరూ వినలేదు. ఒక గొంతు మీద ఇంకో గొంతు లేచింది. షామియానా గుంజ ఒకటి ఒరిగింది.

లక్ష్మణమ్మ అటు చూడడం లేదు. అవతలి గట్టు మీద ఆడవాళ్ళ గుంపు వెనక నుంచి అనిత మెల్లగా ముందుకు వచ్చి నిలబడింది. ఒక చెయ్యి నడుము మీద ఉంది. కడుపు బాగా కిందికి దిగింది. లక్ష్మణమ్మ చెయ్యెత్తింది. అనిత కూడా ఎత్తింది. అంతకంటే చేసేది లేక ఇద్దరూ అలాగే నిలబడ్డారు.

మధ్యాహ్నానికి షామియానా విప్పేశారు. ఎల్లుండి మళ్ళీ వస్తామని, అప్పటికీ కుదరకపోతే ఈ ఏడాదికి ఎవరి తేదీలు వాళ్ళవేనని ఆఫీసర్లు చెప్పి వెళ్ళారు.

మరుసటి ఉదయం బడపేటవాళ్ళు మొగ దగ్గర పెద్దవల వేశారు. ఒడ్డు నుంచి రెండు తాళ్ళతో లాగే వల అది. నిండు బలగం ఉండాలి. వాళ్ళ కుర్రవాళ్ళు సగంమంది పారాదీప్ బోట్ల మీద ఉన్నారు. వల సగం దూరం వచ్చేసరికి పాటు పుంజుకుంది. ఏటి నీరు వలను పట్టుకుని సముద్రంలోకి లాగడం మొదలుపెట్టింది. తాడు పట్టుకున్నవాళ్ళ మడమలు ఇసకలో చాళ్ళు తీస్తూ ముందుకు జారుతున్నాయి. ముసలివాళ్ళు, ఆడవాళ్ళు కూడా వచ్చి పట్టుకున్నారు. చినబాబు అరుపులు ఇవతలి గట్టుకు వినబడుతున్నాయి.

మొగపాలెంవాళ్ళు వరసగా నిలబడి చూస్తున్నారు.

"పోతాది. ఈ పాలి కొయ్యక్కర్నేదు, దానంతటదే పోతాది" అని ఎవరో అన్నారు.

లక్ష్మణమ్మకు తాడు చివరన మనిషి కనబడ్డాడు. వెంకీ. మోకాళ్ళ లోతులో, తాడును నడుముకు చుట్టుకుని ఉన్నాడు. వల పోతే తాడుతో పాటు పోతాడు. అతని వెనక, ఒడ్డు మీద, రావద్దని ఎవరు చెబుతున్నా వినకుండా అనిత దిగివస్తోంది.

లక్ష్మణమ్మ నెత్తిమీద గంప దించింది. చీర కుచ్చెళ్ళు ఎగదోపింది. పాటుకు పైకి తేలిన ఇసక మీదుగా దిబ్బ దాకా నడిచి, నడుము లోతు నీళ్ళలో అవతలికి దాటింది. వెనక నుంచి ఎవరో పిలిచారు. ఆమె తిరిగి చూడలేదు. గట్టెక్కి, అనిత తాడును అందుకోబోతున్న చోటుకు వెళ్ళి, కూతుర్ని భుజంతో పక్కకు నెట్టి, తాడు మీద చెయ్యి వేసింది.

తాడు మీద చెయ్యి వేసినవాళ్ళను మీది ఏ ఊరని అడగకూడదు. వల ఒడ్డుకు వచ్చేదాకా ఆ తాడు పట్టినవాళ్ళంతా ఒకటే. వచ్చాక వాటా ఇవ్వకుండా పంపకూడదు, తీసుకోకుండా వెళ్ళకూడదు. రెండు గట్ల మీదా అదే పద్ధతి. పక్కనున్న మనిషి ఆమెను చూసి నోరు తెరిచి, మళ్ళీ మూసుకుని, తాడు మీద ఆమెకు చోటిచ్చాడు.

కాసేపటికి ఆమె వెనక ఇంకో చెయ్యి పడింది. సూరమ్మ. ఆమె వెనక మొగపాలెం నుంచి ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు.

"బలంగా ఈడు అప్పా! నిన్న రేతిరి తిన్నాది ఏటయిపోనాది?" అంది సూరమ్మ, రొప్పుతూ.

వల వచ్చింది. వల సంచి నిండా పండుగప్ప చేపలు. చినబాబు ఒకదాన్ని పైకెత్తాడు. పొట్ట బిగిసి మెరుస్తోంది. మొగకు గుడ్లు పెట్టడానికి వస్తున్న చేపలు అవి. ఆయన వంగి ఒక్కోదాని పొట్ట తడిమాడు. తర్వాత కొడుకువైపు చూడకుండానే, "గుడ్డువి నీళ్ళలోకి ఒగ్గీరా. మనింట్లో పిల్ల కడుపుతో ఉన్నాది. కోస్తామేటి?" అన్నాడు. కడుపుతో ఉన్న మనిషి తిరిగే ఇంట్లో గుడ్డు చేపను కొయ్యరు. ఎవరూ ఎదురు చెప్పలేదు. వెంకీ వాళ్ళు వల అంచు కిందికి వంచారు. పెద్ద చేపలు ఒకటొకటిగా ఏట్లోకి జారిపోయాయి.

మిగిలినవాటిలో నుంచి లక్ష్మణమ్మ వాటా ఆమె కొంగులో పోసి, "సెల్లెమ్మా, ఇంటికి రా" అన్నాడు చినబాబు.

పసుపు గోడ దగ్గరగా చూస్తే పెచ్చులూడి ఉంది. అనిత తల్లి ముందు వీపు తిప్పి కూర్చుంది, చిన్నప్పటిలాగే. లక్ష్మణమ్మ జడ విప్పి, చిక్కులు తీసి, నూనె రాసింది.

"అయ్య ఏటంతన్నాడు?" అంది అనిత.

"ఏటంతాడు. ఎండలో కూకుని ఇటే సూస్తన్నాడు."

"కనబడతన్నాడు. నానూ సూస్తన్నాను."

తల కొంచెం వెనక్కి తిప్పి, "మనూరోల్లు నిన్నేటంతారమ్మా ఇప్పుడు?" అని అడిగింది.

"కూకో సరిగ్గా. పాపిట వంకరపోతాది."

లక్ష్మణమ్మ అనిత ఇచ్చిన గంపలో చేపలు పోసి నెత్తిన పెట్టుకుని, అందరూ చూస్తుండగా, వెళ్ళిన దారినే తిరిగి వచ్చింది.

పొద్దు వాలుతుండగా వలల పాకలో ఊరు కూడింది. గంగరాజు ఊరి పెద్ద కూర్చునే చోట, నడిమి గుంజకు ఆనుకుని కూర్చున్నాడు. లక్ష్మణమ్మ బయట నిలబడింది. ఆమె వెనక సూరమ్మ.

కొండబాబు లేచాడు. అతని గొంతులో కోపం కంటే బాధ ఎక్కువ ఉంది. "మావా, నా ఆడదాన్ని సొంత తమ్ముడి పెళ్ళికి ఎల్లనివ్వనేదు నువ్వు. కట్టు కట్టే అన్నావు. మేం తలొంచినాం. ఈ దినం నీ ఇంటోల్లే దాటీసినారు. దాన్ని సూసి నా ఆడదీ దాటీసినాది. నువ్వే సెప్పు మరి."

గంగరాజు భార్యవైపు చూశాడు. "తాడు మీద సెయ్యేసినావా?"

"ఏసినాను."

"వాటా తెచ్చినావా?"

"తెచ్చినాను. కొండబాబు ఇంటికీ సగం ఇచ్చినాను. కూర వండేసినారు కూడా. మూకుడు కాళీ అయిపోనాది."

వెనక ఎవరో పకపకా నవ్వారు. కొండబాబు ముఖం ఎర్రబడింది. "నాకు సెప్పనేదు అది ఎక్కడిదో" అని గొణిగాడు.

"తాడు పద్ధతి కట్టు కంటే పాతది కదేటి" అన్నాడు ఒక ముసలాయన. "అలగనుకుంతే రోజుకో తాడు దొరుకుతాది" అన్నారు ఇంకెవరో. మాటలు పెరిగాయి. గంగరాజు చెయ్యెత్తాడు.

"తప్పు దానిది కాదు. ఆ కట్టు ఎట్టినోడిని నాను. నా ఇంట్లో నిలబెట్టుకోనేకపోనాను. నిలబెట్టుకోనేనోడు ఈ గుంజకి ఆనుకోకూడదు." లేచి, కండువా దులిపి, పక్కకు జరిగాడు. "కొండబాబు న్యాయం అడిగినాడు. ఆడే కూకోవాల."

ఎవరూ అనుకోలేదు అది. పెద్దవాళ్ళు గుసగుసలాడుకుని సరేనన్నారు. కొండబాబును చేతులు పట్టి గుంజ దగ్గర కూర్చోబెట్టారు. అతను అసౌకర్యంగా కాళ్ళు సర్దుకున్నాడు.

పెద్ద దిగిపోతే అతను పెట్టిన కట్లు అతనితోనే దిగిపోతాయి. కావాలంటే కొత్త పెద్ద ఒక్కొక్కటీ తన నోటితో మళ్ళీ చెప్పాలి. అందుకని అందరూ కొండబాబు వైపు చూశారు.

"సెప్పరా" అన్నాడు ముసలాయన.

కొండబాబు చెప్పడం మొదలుపెట్టాడు. అమావాస్యనాడు వేటకు వెళ్ళకూడదు. తాగి పడవెక్కకూడదు. సముద్రంలో పోయినవాడి ఇంటికి ఏడాదిపాటు వాటా ఆపకూడదు. ప్రతిదానికీ ఊరు "ఊఁ" అంది. వేళ్ళు ముడిచి లెక్కపెట్టుకుంటూ చెబుతున్నవాడు ఒకచోట ఆగాడు. పాక బయట సూరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అతన్నే చూస్తోంది. తాడు ఒరుసుకుని ఆమె అరచేతులు ఎర్రగా కమిలి ఉన్నాయి.

ఊరు వేచి ఉంది. గంగరాజు తల వంచుకుని కాలి బొటనవేలితో ఇసక గీస్తున్నాడు.

"ఇంకేటి?" అన్నాడు ముసలాయన, మెల్లగా.

"ఇంకేటీ నేదు" అన్నాడు కొండబాబు. "అయిపోనాయి."

ఎవరూ "ఊఁ" అనలేదు. వద్దనీ అనలేదు. ఒకరి తర్వాత ఒకరు లేచి, చెప్పులు వెతుక్కుని, ఇళ్ళకు పోయారు.

ఆఫీసర్లు వచ్చే రోజున గంగరాజు కోడికూతకే లేచి స్నానం చేశాడు. కొత్త పంచె కట్టుకున్నాడు. కట్టుకుని, మళ్ళీ విప్పి, పాతదే కట్టుకున్నాడు.

"రెండూ బాగున్నాయి. నడు బేగి" అంది లక్ష్మణమ్మ.

పడవలో వెళ్ళారు. దిబ్బ మీద షామియానా గుంజలు పాతుతున్నారు. అనూరాధ అటూ ఇటూ పరుగెడుతూ కుర్చీలు సర్దిస్తోంది. ఈసారి ఆడవాళ్ళకూ ఒక వరస వేయించింది. పడవ అక్కడ ఆగకుండా ముందుకు పోయింది.

బడపేట ఒడ్డున చినబాబు ఎదురొచ్చాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని నిలబడ్డారు.

"పెద్దరికం ఒగ్గీసినావంట" అన్నాడు చినబాబు.

"ఒగ్గీసినాను."

"మనిషి పెద్దరికమే ఒగ్గీసినాక నాను ఆ తెగిపోయిన వల అట్టుకుని ఏలాడతానేటి బావా." ఆయన కండువాతో ముఖం తుడుచుకున్నాడు. "నాను దిబ్బ మీదికెల్లి సంతకం ఎట్టీసొస్తాను. పిల్ల లోపలున్నాది. ఎల్లు."

చినబాబు రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు. "నువ్వూ రారాదా? ఇద్దరం ఎడితే బాగుంతాది."

"ఎట్టీవోడు కొండబాబు. నాకక్కడేటి పని నేదు" అన్నాడు గంగరాజు.

లక్ష్మణమ్మ ముందు నడిచి దడి తలుపు తోసింది. గంగరాజు వాకిట్లోనే ఆగిపోయాడు. ఎన్నో ఏళ్ళుగా ఏ ఇంటికి వెళ్ళినా పెద్దగానే వెళ్ళాడు. ఉట్టి మనిషిగా ఎలా వెళ్ళాలో గుర్తు రానట్టు, చేతులు ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడ్డాడు.

అనిత చెంబుతో నీళ్ళు పట్టుకుని గడప దిగి వచ్చింది. ఇంటికి వచ్చినవాళ్ళ కాళ్ళకు ఇవ్వాలి కదా. తండ్రి ముందుకు వచ్చి చెంబు కింద పెడదామని వంగబోయింది. కడుపు అడ్డం వచ్చి వంగలేకపోయింది. ఒకసారి నవ్వి, మళ్ళీ ప్రయత్నించింది.

గంగరాజు కిందికి చూశాడు. కూతురి పాదాలు నీరు పట్టి ఉబ్బి ఉన్నాయి. మట్టెలు వేళ్ళలోకి దిగిపోయాయి.

అతను చెంబు ఆమె చేతిలో నుంచి తీసుకున్నాడు. మోకాళ్ళ మీద కూర్చుని, ముందు ఒక పాదం మీద, తర్వాత రెండో పాదం మీద, ధార తెగకుండా మెల్లగా నీళ్ళు పోశాడు.

"అయ్యా, అవి నీకు" అంది అనిత.

"తెలుసు" అన్నాడు గంగరాజు. "కదలకు."